దుఖాన్ రాళ్ళలో గింజలు: ఒకే కణమున్న జీవుల ఇంటిపేర్ల పాఠం

పిల్లలూ! శుక్రవారం తరగతిలో మనం గుణింతాలు, సంధులు, వేమన పద్యాలు చెప్పుకుంటాం. ఈసారి సంచికకు మాత్రం ఒక సైన్సు పాఠం తెలుగులో రాయాలనుకున్నాం. బడిలో సైన్సంతా ఇంగ్లీషులో చదివే మీకు, తెలుగు కథలకీ పద్యాలకీ తప్ప ఇంకెందుకూ పనికిరాదన్న అభిప్రాయం కలగకూడదు కదా! కష్టమైన మాట వచ్చినచోట పక్కనే అర్థం చెబుతూ వెళ్తాం. అమ్మనో నాన్ననో పక్కన కూర్చోబెట్టుకుని చదవండి. వాళ్ళకి కూడా ఇందులో కొత్త సంగతులు దొరుకుతాయని మా నమ్మకం.

ఖతార్ అంటే ఇసుక అని మన ఊళ్ళో చుట్టాలు అనుకుంటారు. దక్షిణాన సీలైన్, ఖోర్ అల్ ఉదైద్ వైపు ఉన్న తిన్నెలు తీసేస్తే, ఈ ద్వీపకల్పంలో ఎక్కువ భాగం పైకి కనబడేది సున్నపురాయి. భూగర్భ శాస్త్రజ్ఞులు దీనిని దమ్మామ్ శిలాశ్రేణి అంటారు. సుమారు నాలుగైదు కోట్ల సంవత్సరాల క్రితం, ఇయోసీన్ అనే కాలంలో, ఇక్కడ లోతు తక్కువైన వెచ్చటి సముద్రం ఉండేది. ఆ సముద్రం అడుగున పేరుకున్న సున్నమే ఈ రాయి. ఇందులో ఒక పొర పేరు వింటే మీకు తమాషాగా ఉంటుంది: "దుఖాన్ అల్వియోలినా సున్నపురాయి". దుఖాన్ ఊరు మీకు తెలుసు. మరి అల్వియోలినా ఎవరు? ఒకే ఒక్క కణంతో బతికిన ఒక జీవి! బియ్యపు గింజంతో, గోధుమ గింజంతో ఉండే దాని గుల్లలు ఆ పొరలో అంత విరివిగా ఉన్నాయి కనుకనే రాయికే దాని పేరు పెట్టారు.

ఈ జీవుల పెద్ద కుటుంబం పేరు ఫోరామినిఫెరా. నోరు తిరగకపోతే "ఫోరాములు" అనుకుందాం. లాటిన్‌లో ఫోరామెన్ అంటే రంధ్రం. "రంధ్రాలు కలది" అని అర్థం. అమీబా బొమ్మ సైన్సు పుస్తకంలో చూశారు కదా? ఒక అమీబా తన చుట్టూ గుల్ల కట్టుకుని, ఆ గుల్ల సందుల్లోంచి దారాల్లాంటి కాళ్ళు బయటకు చాపి ఆహారం పట్టుకుంటుందని ఊహించుకోండి. దాదాపుగా అదే ఫోరాము. చాలావాటి గుల్లలు ఇసుక రేణువంతే ఉంటాయి. నుమ్ములైటిస్ అనే రకంలో మాత్రం పది సెంటీమీటర్లు దాటినవి కూడా ఉన్నాయి. ఒకే కణం, అరచేతంత! ఖతార్ రాళ్ళలో కనిపించే నుమ్ములైటిస్‌లు అంత పెద్దవి కావు, పప్పుగింజ సైజువే ఎక్కువ.

గుల్లలో ముఖ్యమైన విషయం ఒకటుంది. ఫోరాము పెరిగేకొద్దీ పాత గది వదిలేయదు. పక్కన ఇంకో గది కడుతుంది, తరువాత మరొకటి. మన ఊళ్ళో కుటుంబం పెరిగినప్పుడు పాత ఇంటిని కూలగొట్టకుండా పక్క వాటా, పై అంతస్తు వేసుకుంటారు చూడండి, అలాగ. అందువల్ల పుట్టిననాటి మొదటి గది గుల్ల మధ్యలో అలాగే ఉండిపోతుంది. జీవి పోయి నాలుగు కోట్ల ఏళ్ళైనా, అది మొదటి గది నుంచి చివరి గది దాకా ఎలా పెరిగిందో గుల్లను కోసి చూసి చెప్పవచ్చు. కళ్ళు, కాళ్ళు, ఎముకలు ఏవీ లేని ఈ జీవులను వర్గీకరించడానికి, అంటే ఏది ఏ కుటుంబమో తేల్చడానికి, మన చేతిలో ఉన్నది ఆ ఇల్లు ఒక్కటే.

ఇంటిపేరు ముందు, పేరు తరువాత

ఇక పేర్ల సంగతి. ఇక్కడ ఏ ఫారం నింపినా మొదటి పేరేది, చివరి పేరేది అని తల గోక్కోవడం మన ఇళ్ళలో మామూలే. శాస్త్రజ్ఞుల పద్ధతి మాత్రం అచ్చం మన తెలుగువాళ్ళ పద్ధతి: ఇంటిపేరు ముందు, సొంత పేరు తరువాత. ఉదాహరణకు "నుమ్ములైటిస్ గిజెహెన్సిస్". నుమ్ములైటిస్ అనేది ఇంటిపేరు, దీనినే ప్రజాతి అంటారు. లాటిన్‌లో నుమ్ములస్ అంటే చిన్న నాణెం. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లామార్క్ 1801లో పెట్టిన పేరు ఇది. గిజెహెన్సిస్ అంటే ఈజిప్టులోని గీజాకు చెందినది. గీజా పిరమిడ్ల రాళ్ళ నిండా ఇవే. రెండువేల ఏళ్ళ క్రితం గ్రీకు భూగోళవేత్త స్ట్రాబో అక్కడికి వెళ్ళినప్పుడు, పిరమిడ్లు కట్టిన కూలీలు తినగా మిగిలిన పప్పు రాయైపోయిందని జనం చెప్పుకోవడం విని రాసిపెట్టాడు. చూడటానికి మసూర్ పప్పులాగే ఉంటాయి మరి!

ఫోరామినిఫెరా అన్న మాటకు మూలమైన పేరును 1826లో పెట్టినవాడు ఆల్సీడ్ డోర్బిన్యీ అనే యువ ఫ్రెంచివాడు. కంటికి ఆనని గుల్లలు అందరికీ అర్థమయ్యేలా పెద్దవి చేసి నమూనా బొమ్మలు చేయించాడు. చుట్టలు తిరిగిన గదులు చూసి ఇవి ఆక్టోపస్, నాటిలస్‌ల చిట్టి చుట్టాలని ఆయన అనుకున్నాడు. 1835లో ఫెలిక్స్ దుజార్దాఁ బతికున్నవాటిని పరిశీలించి, లోపల కండరాలూ లేవు, అవయవాలూ లేవు, ఉన్నది జిగటలాంటి జీవపదార్థమేనని తేల్చాడు. అయినా డోర్బిన్యీ పెట్టిన పేర్లలో ఎన్నో నేటికీ నిలిచే ఉన్నాయి. మన అల్వియోలినా కూడా ఆయన పెట్టిన పేరే.

ఎలా గుర్తుపడతారు?

మేము కంప్యూటర్ ప్రోగ్రాములు రాసేవాళ్ళం కనుక మాకు ఇది "ఇలా ఉంటే అటు, లేకపోతే ఇటు" అనే ప్రశ్నల చెట్టులా కనబడుతుంది. మొదటి ప్రశ్న ఆకారం గురించి అనుకుంటాం. కాదు! మొదటి ప్రశ్న: గోడ దేనితో కట్టింది? కొన్ని ఫోరాములు దొరికిన ఇసుక రేణువులను ఏరి, జిగురుతో అతికించి గోడ కడతాయి. కొన్నిటి గోడ పింగాణీ కప్పులా తెల్లగా నున్నగా ఉంటుంది, అవతల ఏమీ కనబడదు. ఇంకొన్నిటిది గాజులా మెరుస్తూ, సూదిమొన కన్నా సన్నటి రంధ్రాలతో నిండి ఉంటుంది. అల్వియోలినా పింగాణీ ఇల్లు. నుమ్ములైటిస్ గాజు ఇల్లు.

తరువాత గదుల అమరిక. ఒకే గది ఉన్నవి, పూసలు గుచ్చినట్టు ఒకే వరుసలో ఉన్నవి, జడ అల్లినట్టు అటొకటి ఇటొకటి వచ్చేవి, జంతికలా ఒకే తలంలో చుట్టుకున్నవి, నత్తగుల్లలా మెట్లెక్కుతూ తిరిగేవి ఉంటాయి. ఆ తరువాత ద్వారం ఎక్కడుంది, ఎన్ని ఉన్నాయి, పైన గీతలా బొడిపెలా అన్నవి చూస్తారు. అమెరికాకు చెందిన ఆల్ఫ్రెడ్ లోబ్లిక్, హెలెన్ టప్పన్ అనే భార్యాభర్తలు ఈ ప్రజాతులన్నిటినీ ఇలా వరుసపెట్టి 1987లో పెద్ద గ్రంథం వేశారు. వాళ్ళు గోడకు అగ్రస్థానం ఇచ్చారు.

రాయిలో ఇరుక్కున్న గుల్లను చూడటం అంత సులువు కాదు. రాయిని పలకగా కోసి, గాజు మీద అతికించి, మిల్లీమీటరులో నూటికి మూడు వంతుల మందం వచ్చేదాకా అరగదీస్తారు. అది తలవెంట్రుక మందంలో సగం కూడా ఉండదు. అప్పుడు కాంతి దాని గుండా పోయి సూక్ష్మదర్శినిలో లోపలి గదులు కనబడతాయి. పింగాణీ గోడలు నల్లగా, గాజు గోడలు తెల్లగా కనబడతాయి. చిక్కల్లా కోతలోనే ఉంది. అమ్మ బెండకాయ తరిగేటప్పుడు చూడండి. అడ్డంగా కోస్తే గింజలున్న చక్రం వస్తుంది. నిలువుగా చీరితే పొడవాటి గింజల వరుస వస్తుంది. ఏటవాలుగా కోస్తే రెండూ కాని ఆకారం వస్తుంది. బెండకాయను ఎన్నడూ చూడనివాడు ఈ మూడు ముక్కలనూ మూడు కూరగాయలనుకుంటాడు! అందుకే నుమ్ములైటిస్‌ను ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా, సరిగ్గా మొదటి గది మధ్యనుంచి పోయేలా కోసి చూశాకే పేరు చెబుతారు.

రెండు ఉచ్చులు

పైరూపం చూసి పేరు పెట్టేస్తే ఏమవుతుందో చెప్పడానికే మేము ఈ పాఠం ఎంచుకున్నాం. అందులో మొదటిది గింజల ఉచ్చు. అల్వియోలినాను పోలిన గింజలు మరో రకం సున్నపురాళ్ళలోనూ రాశులుగా దొరుకుతాయి. వాటిని ఫ్యూసులినిడ్లు అంటారు. అదే గోధుమగింజ ఆకారం, అదే పొడవాటి ఇరుసు చుట్టూ చుట్టలు. పక్కపక్కన పెడితే అన్నదమ్ములనుకుంటాం. గోడ చూస్తే పింగాణీ కాదు, సన్నటి సున్నపు రేణువులు ఒత్తుగా పేర్చినట్టుంటుంది. ఫ్యూసులినిడ్లు 25 కోట్ల ఏళ్ళ క్రితమే, పర్మియన్ కాలం ముగిసేసరికి పూర్తిగా అంతరించాయి. అల్వియోలినా వచ్చింది దాదాపు ఇరవై కోట్ల ఏళ్ళ తరువాత. ఒకరికొకరు ఏమీ కారు! లోతు తక్కువ సముద్రంలో, తమలో నాచును పెంచుకుంటూ బతకడానికి ఆ ఆకారం అనుకూలమని, వేరువేరు వంశాలు వేరువేరు కాలాల్లో అదే ఇంటి ప్లాను వేసుకున్నాయని శాస్త్రజ్ఞుల ఆలోచన. గింజ ఆకారం చూసి రాయి వయసు చెప్పేవాడు ఇరవై కోట్ల ఏళ్ళు తప్పుతాడన్నమాట.

రెండవది ఇంకా తమాషా అయినది. నుమ్ములైటిస్‌లు దొరికిన చోట తరచుగా జంటలుగా దొరుకుతాయి: ఒక పెద్ద నాణెం లాంటిది, దానితోపాటు ఒక చిన్న పప్పుగింజ లాంటిది. కోసి చూస్తే పెద్దదానికి మొదటి గది అతి చిన్నది, చిన్నదానికి మొదటి గది బాగా పెద్దది. లోపలా తేడా, బయటా తేడా! పాతకాలపు శాస్త్రజ్ఞులు పెద్దదానికొక పేరు, చిన్నదానికొక పేరు పెట్టారు. ఇలా పుస్తకాల్లో జంటలు జంటలుగా జాతులు చేరాయి. మా భాషలో చెప్పాలంటే ఒకే మనిషికి రెండు రికార్డులు.

1880లో మ్యునియే షాల్మాస్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఈ జంటలు ఒకే జాతికి చెందిన రెండు రూపాలన్నాడు. 1890లలో ఇంగ్లండులో లిస్టర్, జర్మనీలో షౌడిన్ బతికున్న ఫోరాములను గమనించి కారణం కనిపెట్టారు. ఒక తరం విడిపోయి పిల్లలను కంటుంది. ఆ పిల్లలు తల్లి జీవపదార్థంలో పెద్ద వాటాతో పుడతాయి కనుక మొదటి గది పెద్దది, కానీ అవి ఎక్కువ ఎదగవు. తరువాతి తరం రెండు బీజకణాలు కలిసి పుడుతుంది. వాటి మొదటి గది సూది మొనంత, ఎదిగేది మాత్రం నాణెమంత. మళ్ళీ వాటి పిల్లలు చిన్నవి. అంటే పిల్లకు తల్లి పోలిక రాదు, అమ్మమ్మ పోలిక వస్తుంది! మన ఇళ్ళలో మనవడికి తాత పేరు పెడతారు కదా, ఆ ఆనవాయితీ ఫోరాములకు ఒంట్లోనే ఉంది. బతికున్న చుట్టాన్ని చూడకుండా గుల్లలు మాత్రమే పట్టుకుని కూర్చుంటే ఈ సంగతి తేలడం చాలా కష్టమయ్యేది.

ఇంత శ్రమ ఎందుకు?

నాన్నల్లో కొందరు ఇప్పటికే ఈ ప్రశ్న వేసుంటారు. సమాధానం మన జీతాల్లోనే ఉంది! దుఖాన్‌లో మొదటి చమురుబావి తవ్వకం 1938లో మొదలైంది. యుద్ధం వచ్చి పని ఆగి, చివరకు 1949 ఆఖరున చమురు ఎగుమతి ప్రారంభమైంది. బావి తవ్వేటప్పుడు పైకి వచ్చేది పిండిలాంటి రాతి తునకలు. ఏ పొరలో ఉన్నామో ఎలా తెలియాలి? ఆల్చిప్పలు, ఎముకలు తవ్వే పళ్ళ కింద నుగ్గునుగ్గవుతాయి. చిన్న ఫోరాములు మాత్రం తునకల్లో చెక్కుచెదరకుండా పైకొస్తాయి. ఈ ఉపాయాన్ని 1920లలో అమెరికాలోని టెక్సాస్‌లో నిలబెట్టినవారు ముగ్గురు ఆడవాళ్ళు: ఎస్తర్ యాప్లిన్, ఆల్వా ఎలిసర్, హెడ్‌విగ్ నైకర్. ఫోరాములతో రాయి వయసు చెప్పవచ్చని ఎస్తర్ 1921లో ఒక సభలో అన్నప్పుడు పెద్ద ప్రొఫెసరు ఒకాయన ఎగతాళి చేశాడట. తరువాత కొన్నేళ్ళలోనే చమురు కంపెనీలు వరుసగా ఇలాంటి ప్రయోగశాలలు పెట్టుకున్నాయి. మా ఆడపిల్లలు ఈ మూడు పేర్లు గుర్తుపెట్టుకుంటే మాకు సంతోషం.

ఖతార్ సముద్రంలోని అల్ షహీన్ క్షేత్రంలో చమురు ఉన్న ఖరైబ్, షుఐబా సున్నపురాళ్ళ మధ్య హవార్ అనే పలుచని పొర ఉంది. సుమారు 12 కోట్ల ఏళ్ళ నాటి ఆర్బిటోలినిడ్లు, అంటే చైనా టోపీలా శంఖాకారంలో ఉండే ఫోరాములు, ఆ పొరకు గుర్తు. 1971లో కనుగొన్న నార్త్ ఫీల్డ్ గ్యాసంతా ఖుఫ్ అనే ఇంకా పాత రాయిలో ఉంది. పర్మియన్ ముగిసి ట్రయాసిక్ మొదలైన సరిహద్దు ఆ రాయిలోనే పడుతుంది. కింద ఉన్న ఫోరాములు ఎన్నో దాని పైన కనబడవు.

గోదావరి గట్టున

ఇప్పుడు మన ఊరికి వద్దాం. రాజమండ్రికి ఎదురుగా, గోదావరి పడమటి గట్టున పంగిడి, గౌరీపట్నం దగ్గర నల్లరాతి క్వారీలున్నాయి. ఆ దారిన పోయినవాళ్ళకు కంకర లారీలు, దుమ్ము గుర్తుంటాయి. ఆ నల్లరాయి లావా. సుమారు 6.6 కోట్ల ఏళ్ళ క్రితం పడమటి భారతదేశంలో పుట్టిన దక్కను లావా వందల కిలోమీటర్లు పారి ఇక్కడ సముద్రం ఒడ్డుకు చేరిందని పరిశోధకులు చెబుతారు. కింద లావా, పైన లావా, మధ్యలో సముద్రపు మట్టి పేరుకున్న పొర ఒకటి. డైనోసార్లు అంతరించినది సరిగ్గా ఆ కాలంలోనే. మరి ఈ లావా అంతకు ముందు వచ్చిందా, తరువాత వచ్చిందా?

ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి చెందిన గెర్టా కెల్లర్, భారతీయ శాస్త్రవేత్తలతో కలిసి 2008లో ప్రచురించిన పరిశోధన దీనికి జవాబు వెతికింది. మధ్యపొర మట్టిలో నీటిపై తేలుతూ బతికే ఫోరాముల గుల్లలు దొరికాయి. మిల్లీమీటరులో పదో వంతుకు అటూ ఇటూ ఉండేవి! ఆ మహావినాశనంలో తేలే ఫోరాములు దాదాపు అన్నీ పోయాయి. ఆ వెంటనే పుట్టుకొచ్చిన కొత్త చిట్టి జాతులలో ఒకదాని పేరు "పార్వులారుగోగ్లోబిజెరైనా యూగుబైనా". ఇంత పొడుగు ఇంటిపేరు మన తెలుగువాళ్ళలోనూ లేదు! సొంత పేరు ఇటలీలోని గుబ్బియో ఊరి మీదుగా వచ్చింది. ఇది బతికిన కాలం, ఆ వినాశనం తరువాత, భూమి లెక్కలో క్షణమాత్రం. గోదావరి క్వారీల మధ్యపొరలో ఆ కాలపు ఫోరాములే కనబడ్డాయి. అంటే కింది లావా ఆ వినాశనం నాటికి, లేదా దానికి కాస్త ముందుగా పారి ఆగిపోయిందన్నమాట. డైనోసార్ల చావుకు మెక్సికోలో పడిన ఉల్క కారణమా, లావా విషవాయువులు కూడా చేయి కలిపాయా అన్న వాదంలో కెల్లర్ రెండవ పక్షం. ఎక్కువమంది శాస్త్రజ్ఞులు ఉల్కవైపే ఉన్నారు, వాదం సాగుతూనే ఉంది. ఇరు పక్షాలకూ ఆ గుల్లల పేర్లు సరిగ్గా ఉండటం అవసరం. పేరు మారితే కాలం మారుతుంది.

ఈ మధ్య బతికున్న ఫోరాముల డీఎన్‌ఏ చదివి, 2013లో కొత్త వర్గీకరణ ఒకటి ప్రతిపాదించారు. గోడ కన్నా, గది గొట్టంలా ఉందా గుండ్రంగా ఉందా అన్నది పాత చుట్టరికాన్ని బాగా చెబుతుందని అందులో తేలింది. అంటే లోబ్లిక్ దంపతుల మొదటి ప్రశ్న కాస్త కిందికి జరిగింది. అంతరించిన వాటికి డీఎన్‌ఏ మిగలలేదు కనుక వాటికి ఇప్పటికీ గుల్లే ఆధారం. అల్వియోలినా చుట్టం బోరెలిస్ నేటికీ వెచ్చటి సముద్రాల్లో బతికే ఉంది. పాత గుల్లల్లోని ఏ గుర్తు నమ్మదగినదో అలాంటి చుట్టాల ద్వారానే పోల్చి చూసుకోవాలి.

ఇంట్లో చేసి చూడండి

సముద్రపు ఒడ్డున అలలు వదిలిన తెల్లటి సన్నటి ఇసుక ఒక స్పూను తెచ్చి, మంచినీళ్ళతో కడిగి, ఆరబెట్టండి. నల్ల కాగితం మీద పలుచగా చల్లి, పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దంతో ఓపికగా వెతకండి. తడిపిన సన్నటి కుంచెతో గుల్లలు ఏరి మూడు చిన్న మూతల్లో వేయండి: పింగాణీ, గాజు, ఇసుక అతికించినవి. ఈ గల్ఫ్‌లో విసనకర్రలాంటి పెనెరోప్లిస్, బిళ్ళలాంటి సోరైటిస్ దొరికే అవకాశం ఎక్కువ. సోరైటిస్‌ను చూడగానే నాణెం కదా, నుమ్ములైటిస్ అనుకుంటారు. ముందు గోడ చూడండి! బొమ్మ గీసి, గదులు లెక్కపెట్టి, ఎక్కడ దొరికిందో తేదీతో సహా తెలుగులో రాసి తరగతికి తీసుకురండి.

దుఖాన్ వైపు విహారానికి వెళ్ళినప్పుడు రాళ్ళు పగలగొట్టకండి. పక్కన ఒక నాణెమో స్కేలో పెట్టి ఫోటో తీస్తే చాలు. ఖతార్ నేషనల్ మ్యూజియంలో, అంటే 2019లో తెరిచిన ఎడారి గులాబీ ఆకారపు భవనంలో, ఈ ద్వీపకల్పం ఎలా ఏర్పడిందో చూపే మొదటి గది ఉంది. అక్కడి శిలాజాల ముందు ఐదు నిమిషాలు ఎక్కువసేపు నిలబడండి. వేసవి సెలవులకు రాజమండ్రి వెళ్ళేవాళ్ళు తాతగారిని పంగిడి క్వారీల గురించి అడిగి, ఆయన చెప్పింది రాసుకుని రండి. సెలవుల తరువాత మొదటి శుక్రవారం అవన్నీ తరగతిలో చదువుదాం.